ఇంటి పచ్చళ్ల వ్యాపారం: రెండో ఆర్డర్ ఎలా వస్తుంది

ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మేవాళ్లకి మొదటి ఇరవై ముప్పై ఆర్డర్లు తేలిగ్గానే వస్తాయి. చుట్టాలు, అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్‌వాళ్లు, ఆఫీసు స్నేహితులు తలా ఒక సీసా తీసుకుంటారు. అందులో సగం అభిమానం, సగం మొహమాటం. ఆ సీసా ఖాళీ అయ్యాక అదే మనిషి, మీరు గుర్తుచేసినా చేయకపోయినా, "ఇంకోటి పంపండి" అన్నప్పుడు వ్యాపారం మొదలైనట్టు. ధర, సీసా, ఫోటో, ప్రకటన, ఫిర్యాదుకి ఇచ్చే జవాబు, వీటన్నిటికీ ఒకటే పరీక్ష పెట్టాలి: దీనివల్ల రెండో ఆర్డర్ దగ్గరవుతుందా, దూరమవుతుందా?

ముందు ధర సంగతి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, అదీ అమ్మకాలు బాగున్న నెలల్లో.

ఆవకాయ లెక్క ఒకటి వేద్దాం. 10 కిలోల మామిడి ముక్కలు, 2 కిలోల కారం, కిలోన్నర ఆవపిండి, కిలోన్నర ఉప్పు, అర కిలో వెల్లుల్లి, 100 గ్రాముల మెంతులు, 4 లీటర్ల నువ్వుల నూనె. ధరలు ఊరిని బట్టి, సీజన్‌ని బట్టి మారతాయి గనక మీ రేట్లు మీరు వేసుకోండి. ఉదాహరణకి కొట్టించిన ముక్కలు కిలో 70 చొప్పున 700, కారం 800, ఆవపిండి 300, ఉప్పు 40, వెల్లుల్లి 100, మెంతులు 10, నూనె 1,400 అనుకుంటే మొత్తం 3,350 రూపాయలు. తూకానికి 19 కిలోలు దాటినా, జాడీకి అంటుకున్నది, రుచి చూసింది, ఒలికింది పోగా సీసాల్లోకి వెళ్లేది 18 కిలోలు. అంటే కిలోకి సరుకు ఖర్చు 186 రూపాయలు, అర కిలోకి 93.

ఈ 93 చూసే చాలామంది "రెట్టింపు వేసుకుందాం" అని అర కిలో సీసాకి 180 పెడతారు. మిగతా లెక్క కూడా చూడండి. సీసా, మూత, మూత లోపల అతికే పొర (లైనర్) కలిపి 18. లేబుల్ 4. అట్టపెట్టె, బబుల్ షీటు, టేపు కలిపి 22. ముక్కలు తుడవడానికి, కలపడానికి, నింపడానికి ఇద్దరు మనుషులకి ఒక రోజు కూలి 1,200 అయితే, 36 సీసాలకి పంచితే ఒక్కోదానికి 33. మీ సొంత రోజు కూలి 800 వేసుకుంటే ఇంకో 22. దారిలో పగిలినవాటికి, తిరిగి పంపాల్సినవాటికి 8. మొత్తం 200. అంటే 180కి అమ్మిన ప్రతి సీసాతోపాటు మీ జేబులోంచి 20 రూపాయలు పోతున్నాయి. మీ కూలి లెక్కలో వేసుకోలేదు గనక ఆ నష్టం కనపడదు. సీజన్ అంతా వంటింట్లోనే గడిచిపోతుంది, చేతిలో ఏమీ మిగలదు, ఎందుకో అర్థం కాదు.

అందుకే సొంత కూలి ధరలో ఉండి తీరాలి. రేపు ఆర్డర్లు పెరిగి మీ పని ఇంకొకరికి అప్పగిస్తే వాళ్లకి ఎక్కడి నుంచి ఇస్తారు? 290 పెడితే కొరియర్ కాకుండా సీసాకి 90 మిగులుతుంది. శాంపిళ్లు, ప్రకటనలు, వచ్చే సీజన్ పెట్టుబడి అన్నీ ఆ తొంభైలోంచే రావాలి.

ఇంకో మాట. పై లెక్కలో సరుకు ఖర్చులో 40 శాతం పైన నూనెదే. ఖర్చు తగ్గించుకోవాలంటే ముందు చెయ్యి దాని మీదకే వెళుతుంది: 4 లీటర్ల చోట 3 పోయడం. అలా చేసిన పచ్చడికి నెల తిరక్కుండా పైన ముక్క తేలి, గాలి తగిలి, బూజు పట్టే ప్రమాదం ఉంది. లీటరుకి మిగుల్చుకున్న 350 రూపాయలు పది మంది కస్టమర్లని తీసుకుపోతాయి.

ధర చెప్పడం కూడా సాధన చేయాలి

ధర వేయడం ఒక ఎత్తు, దాన్ని నోటితో చెప్పడం ఇంకో ఎత్తు. "అర కిలో 290 అండీ, కొరియర్ వేరే" అని చెప్పి ఆగిపోవాలి. అవతలివాళ్లు రెండు క్షణాలు మాట్లాడకపోతే చాలు, కంగారుపడి "మీకైతే తగ్గిస్తాలెండి" అనేస్తాం. వాళ్లు బేరమాడలేదు, ఆలోచించుకుంటున్నారంతే. వాట్సాప్‌లో అయితే ఈ బలహీనత మరోలా ఉంటుంది: ధర కింద నాలుగు లైన్ల సంజాయిషీ. ధర ఒక లైను, అందులో ఏముందో ఇంకో లైను, చాలు. "నువ్వుల నూనె, గుంటూరు కారం, ప్రిజర్వేటివ్ లేదు" అంటే సరిపోతుంది, అది నిజమైతేనే.

నిజంగా బేరమాడితే ధర తగ్గించకండి, పరిమాణం తగ్గించండి. "పావు కిలో సీసా కూడా ఉందండీ, 160." 145 కాకుండా 160 ఎందుకంటే, పరిమాణం సగమైనా సీసా, లేబుల్, పెట్టె ఖర్చు సగం కాదు. ఒకసారి 290ది 250కి ఇచ్చారంటే ఆ మనిషి దృష్టిలో మీ ధర ఎప్పటికీ 250యే.

కష్టమైన బేరం చుట్టాలతో. "ఏమే, మాకు కూడా అంతేనా?" అని పిన్ని అడిగితే చిన్నబుచ్చకూడదు, ఉచితంగా ఇచ్చి లోపల ఉడుక్కోనూ కూడదు. ముందే ఒక ఇంటి ధర అనుకుని ఉంచండి. "పిన్నీ, ఇంట్లోవాళ్లకి సీసా 250 వేస్తున్నా. నీకోసం కొత్త జాడీలోది తీసిపెడతా, ఎన్ని కావాలో చెప్పు" అంటే గౌరవం దక్కుతుంది, ధరా నిలుస్తుంది. బహుమతిగా ఇవ్వాలనుకుంటే మనస్ఫూర్తిగా ఇవ్వండి, కానీ అది పుస్తకంలో "బహుమతి" అని 200 ఖర్చు కింద రాయండి. సంవత్సరాఖరున ఆ కాలమ్ కూడి చూస్తే ఎంత ఇవ్వగలరో మీకే తెలుస్తుంది. ఇంటి ఖర్చుల ఖాతా, వ్యాపారం ఖాతా వేరుగా ఉంటే ఈ లెక్క ఇంకా తేలిక. వ్యాపారానికి వేరే యూపీఐ క్యూఆర్ పెట్టుకోవడం అరగంట పని.

సీసా ఇంటికి చేరేదాకా

రుచి అద్భుతంగా ఉన్నా, పెట్టె తెరవగానే నూనె కారిన అట్ట కనిపిస్తే రెండో ఆర్డర్ దాదాపు పోయినట్టే. నూనె కారడానికి కారణాలు ముఖ్యంగా మూడు. కలిపిన రెండు మూడు రోజులకే సీసాల్లో నింపడం మొదటిది. ముక్క ఊరుతూ ఊట వదులుతుంది, కాస్త గాలి కూడా పుడుతుంది, ఆ ఒత్తిడికి నూనె మూత దగ్గరికి వస్తుంది. మూడో రోజు తిరగకలిపి, ఉప్పు చూసి, నూనె సరిచేసి, కనీసం ఇంకో వారం జాడీలో ఉంచాకే సీసాల్లోకి తీయండి. రెండోది అంచు దాకా నింపడం. పైన ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి, ముక్కల మీద అర సెంటీమీటరు నూనె నిలవాలి. మూడోది సీసా మూతి మీద నూనె మరక ఉండగా మూత పెట్టడం. లైనర్ సరిగ్గా అతుక్కోదు. పొడిగుడ్డతో మూతి తుడిచాకే బిగించండి.

పంపేముందు రాత్రి సీసాలన్నీ తెల్లకాగితం మీద తలకిందులుగా నిలబెట్టండి. తెల్లారేసరికి ఏ సీసా కింద మరక ఉంటే అది పక్కకి. ఖర్చు లేని ఈ పరీక్ష కొరియర్ ఫిర్యాదులు చాలామటుకు ఆపేస్తుంది.

పెట్టె కొలతలూ ముఖ్యమే. కొరియర్‌వాళ్లు అసలు తూకం, పెట్టె పరిమాణం ప్రకారం వేసే తూకం, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. సాధారణంగా పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. మూడు అర కిలో సీసాలు 30, 20, 20 పెట్టెలో పెడితే అది 2.4 కిలోల కింద లెక్క, అసలు తూకం అంత లేకపోయినా. వాటినే వరసగా 28, 12, 14 పెట్టెలో పెడితే పరిమాణం లెక్క కిలో లోపే, కాబట్టి అసలు తూకానికే కడతారు. మీ సీసాలకి సరిపడే రెండు సైజుల పెట్టెలు ఒకేసారి తెప్పించుకోండి. రాష్ట్రం లోపలికైతే ఆర్టీసీ కార్గో కూడా మంచి దారి, కానీ బస్టాండుకి వెళ్లి తెచ్చుకోవాల్సి వస్తుందేమో కస్టమర్‌కి డబ్బు తీసుకోకముందే చెప్పాలి.

లేబుల్ గురించి క్లుప్తంగా. ఇంట్లో చేసి అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ 14 అంకెల నంబరు లేబుల్ మీద ఉండాలి. ఆ సంస్థ ఫాస్కాస్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు, రుసుము వివరాలూ అక్కడే ఉంటాయి. పదార్థాలు ఎక్కువ నుంచి తక్కువకి వరసలో, ఆకుపచ్చ శాకాహార గుర్తు, నికర తూకం, అన్ని పన్నులతో ఎంఆర్‌పీ, తయారైన తేదీ, ఎప్పటిలోపు వాడాలో, బ్యాచ్ నంబరు, చిరునామా, ఫోన్ నంబరు ఉండాలి. జీఎస్టీలో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. సరుకు అమ్మేవాళ్లకి ఏడాది టర్నోవర్ ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ ఆ వెసులుబాటు సొంత రాష్ట్రంలో అమ్మకాలకే. బెంగళూరుకో చెన్నైకో పచ్చళ్లు అమ్మితే టర్నోవర్ ఎంత చిన్నదైనా రిజిస్ట్రేషన్ కావాలి. విజయవాడ నుంచి హైదరాబాద్‌కి పంపినా అది వేరే రాష్ట్రమే. పచ్చళ్ల మీద పన్ను 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం బదులు 5 శాతం అయింది గనక ఆ భారం మునుపటంత లేదు. ఒకసారి మీ ఊళ్లో ట్యాక్స్ చూసేవాళ్లతో కూర్చుని తేల్చుకోండి.

సీసా అయిపోయే రోజు మీకు తెలియాలి

ఇప్పుడు అసలు మార్కెటింగ్. దీనికి కావాల్సింది ఒక నోట్‌బుక్కు లేదా గూగుల్ షీటు. పేరు, నంబరు, ఏరియా, ఏం కొన్నారు, ఎంత, ఏ తేదీన, ఏమన్నారు. ఈ ఏడు కాలమ్స్ చాలు. "ఏమన్నారు" అన్నది అన్నిటికన్నా విలువైనది. "కారం ఎక్కువైంది, పిల్లలు తినలేదు" అని రాసుకుంటే, వరంగల్ చపాటా మిర్చితో తక్కువ ఘాటు పచ్చడి పెట్టినప్పుడు మొదట ఎవరికి చెప్పాలో మీకు తెలుస్తుంది.

నలుగురున్న ఇంట్లో రోజూ వేసుకుంటే అర కిలో పచ్చడి దాదాపు నెల వస్తుంది. కాబట్టి 25వ రోజున ఒక మెసేజ్. అందరికీ ఒకేసారి "స్పెషల్ ఆఫర్, త్వరపడండి" అని కొట్టినది కాదు, ఇలాంటిది: "నమస్తే అండీ. పోయిన నెల మీరు తీసుకున్న గోంగూర ఎలా ఉంది? కారం సరిపోయిందా? ఈ శుక్రవారం కొత్తది పెడుతున్నాం, కావాలంటే మీ సీసా పక్కన ఉంచుతాను." ఇందులో వాళ్లు కొన్నది గుర్తుంది, ఒక ప్రశ్న ఉంది, ఒక రోజు ఉంది. జవాబు రాకపోతే మళ్లీ నెల దాకా అడగొద్దు.

వాట్సాప్ బిజినెస్ యాప్‌లో పెట్టుకోవాల్సినవి తక్కువే. క్యాటలాగ్‌లో ప్రతి పచ్చడీ ధరతో సహా. "ధర కోసం మెసేజ్ చేయండి" అని రాస్తే సగంమంది చేయరు. రోజూ అడిగే నాలుగైదు ప్రశ్నలకి క్విక్ రిప్లైలు, అంటే ముందే రాసిపెట్టుకున్న జవాబులు. కొత్త ఆర్డర్, డబ్బు రావాలి, పంపేశాం అని చాట్‌లకి లేబుళ్లు. ఒకే మెసేజ్‌ని అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా పడతారు, కానీ మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. చాలామంది ఇది గమనించక, 200 మందికి పంపాం, ఒక్కరూ పలకలేదని దిగులుపడతారు. అవతల ముప్పై మందికి కూడా చేరి ఉండదు. అందుకే మొదటి పార్సెల్‌లో ఒక చీటీ పెట్టండి: "మా నంబరు సేవ్ చేసుకోండి. కొత్త పచ్చడి పెట్టిన రోజున ముందు మీకే చెబుతాం." అడక్కుండా జనాన్ని గ్రూపుల్లో చేర్చడం మానేయండి. విసిగినవాళ్లు బ్లాక్ చేసి రిపోర్ట్ కొడితే నంబరే పోయే ప్రమాదం ఉంది.

అదే పార్సెల్‌లో వాళ్లు ఆర్డర్ చేయని పచ్చడి 100 గ్రాములు చిన్న పౌచ్‌లో పెట్టండి. ఖర్చు పాతిక రూపాయలు. 25 రూపాయల డిస్కౌంట్ ఇస్తే అది ఆ రోజుతో మర్చిపోతారు. పౌచ్‌లో ఉసిరికాయ రుచి చూసినవాళ్లకి మాత్రం రెండో ఆర్డర్‌కి ఒక కారణం దొరుకుతుంది.

ఫోటోలకి పొద్దున పూట కిటికీ వెలుతురు, తెల్ల పళ్లెం, వేడన్నం పక్కన ఒక చెంచా పచ్చడి. తీసేముందు ఫోన్ లెన్స్ తుడవండి. నెట్‌లో దొరికిన ఫోటో వాడితే సీసా తెరిచినప్పుడు తేడా కనిపిస్తుంది, ఆ తేడా మోసంలా అనిపిస్తుంది. ఆవపిండి, కారం నూనెలో కలిపేటప్పుడు తీసిన పదిహేను సెకన్ల వీడియో ఏ పోస్టర్ కన్నా బాగా పనిచేస్తుంది.

ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలు వద్దని అనను, కాకపోతే తొందరపడొద్దు. రోజుకి 200 చొప్పున 5 రోజులు పెట్టారనుకోండి. 1,000 రూపాయలకి 20 మెసేజ్‌లు వచ్చి, 5గురు కొంటే ఒక్కో కస్టమర్‌కి 200 పడింది. సీసాకి మిగిలేది 90. మొదటి ఆర్డర్‌లో 110 నష్టం, రెండోదాంట్లో ఇంకా 20 నష్టం, మూడోసారి కొంటేనే 70 లాభం. అంటే వచ్చినవాళ్లు మళ్లీ కొంటున్నారన్న లెక్క పుస్తకంలో కనపడకముందు ప్రకటన పెట్టడం డబ్బు పారబోయడమే.

ఫిర్యాదు వచ్చినప్పుడు

"మీ పచ్చడి బూజు పట్టిందండీ." ఈ మెసేజ్ చదవగానే ఒళ్లు మండుతుంది. రాత్రంతా కష్టపడి చేసింది మనం, తడి చెంచా పెట్టింది వాళ్లు అనిపిస్తుంది. అది నిజం కూడా కావచ్చు. కానీ ఆ మాట మొదటి జవాబులో రాశారంటే వాదన గెలుస్తారు, కానీ ఆ ఇంటి ఆర్డర్లు పోతాయి. ఆ ఇంటితోపాటు వాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపూ పోతుంది. వెంటనే రాయాల్సింది ఇంతే: "అయ్యో, క్షమించండి. సీసా ఫోటో, లేబుల్ మీద బ్యాచ్ నంబరు పంపుతారా? కారణం ఏదైనా ఇంకో సీసా పంపుతాను, ఆ పచ్చడి మాత్రం వాడకండి."

తర్వాత పని మీది. ప్రతి బ్యాచ్ నుంచి ఒక సీసా, గడువు తీరేదాకా, మీ అలమరలో దాచి ఉండాలి. ఆ సీసా తెరిచి చూడండి. అది బాగుంటే తప్పు వాడకంలోనో దారిలోనో జరిగింది. ఇకమీదట పార్సెల్ చీటీలో "పొడి చెంచా వాడండి, వాడాక ముక్కలు నూనెలో మునిగేలా ఒత్తండి" అని చేర్చండి. మీ సీసాలో కూడా బూజు కనిపిస్తే ముక్కలు సరిగ్గా ఆరలేదో, ఉప్పు తగ్గిందో, నూనె చాలలేదో. అప్పుడు నోట్‌బుక్కు తీసి ఆ బ్యాచ్ ఎవరెవరికి వెళ్లిందో చూసి, వాళ్లు ఫోన్ చేయకముందే మీరు చేయండి. 36 సీసాల్లో మిగిలిన పదిహేనో ఇరవయ్యో వెనక్కి తీసుకుంటే ఒకటి రెండు వారాల లాభం పోతుంది. కానీ తప్పు ముందే చెప్పి సరిదిద్దిన మనిషిని జనం బాగా గుర్తుపెట్టుకుంటారు. కోపం చల్లారేదాకా పది నిమిషాలు ఫోన్ బోర్లా పెట్టగలగడం, ఈ వ్యాపారంలో యజమానికి అన్నిటికన్నా ఎక్కువ సంపాదించిపెట్టే అలవాటు.

మెచ్చుకున్నవాళ్లని గూగుల్ రివ్యూ అడగడానికీ ఇంతే ధైర్యం కావాలి. "చాలా బాగుంది" అని మెసేజ్ వచ్చిన నిమిషంలోనే లింకు పంపి, "ఇదే మాట అక్కడ రెండు లైన్లు రాస్తారా" అని అడగండి. వారం తర్వాత అడిగితే రాయరు. బిజినెస్ ప్రొఫైల్‌లో ఇంటి చిరునామా కనపడకుండా డెలివరీ ఏరియా మాత్రమే చూపించే వీలుంది.

సంవత్సరం పొడుగునా అమ్మకానికి ఏదో ఒకటి ఉండాలంటే పంటల వెంట నడవాలి. ఏప్రిల్, మే ఆవకాయ, మాగాయ. జూలైలో అమెరికా వెళ్లే పిల్లల తల్లిదండ్రులు: ఆగస్టు చదువులకి సూట్‌కేసులు సర్దుతుంటారు, పావు కిలో గట్టి పౌచ్‌లు, పొడులు వాళ్లకి కావాలి. మాంసం పచ్చళ్లు మాత్రం అక్కడ కస్టమ్స్‌లో తీసేసుకుంటారు, అమ్మే ముందే ఆ మాట చెప్పండి. కార్తీకంలో ఉసిరి, చలికాలంలో చింతకాయ, ఆ తర్వాత పండుమిర్చి. సంక్రాంతికి అరిసెలు, సకినాలు కూడా చేసేవాళ్లయితే మీ పొయ్యి దగ్గర ఇద్దరు రోజుకి ఎన్ని కిలోలు తీయగలరో ముందు కొలవండి. జనవరి 8 తర్వాత కొత్త ఆర్డర్ వద్దనండి. భోగి రోజు చేరని అరిసెల పెట్టె మీద వచ్చే కోపం ఏడాది దాకా పోదు. "ఈసారికి నిండిపోయాయండీ, కనుమ తర్వాత పంపనా?" అంటే ఎవరూ తప్పుపట్టరు.

ఆదివారం సాయంత్రం ఒక గంట నోట్‌బుక్కుతో కూర్చోండి. రెండు నెలల కింద మొదటిసారి కొన్నవాళ్లు ఎందరు, వాళ్లలో మళ్లీ కొన్నవాళ్లు ఎందరు? 30 మందిలో 10 మంది కూడా తిరిగి రాకపోతే ఆ వారం కొత్త పోస్టులు, ప్రకటనలు ఆపేసి, రానివాళ్లలో పది మందికి ఫోన్ చేయండి. "ఎలా ఉంది?" అని అడిగితే మొహమాటానికి బాగుందనే అంటారు. "సీసా అయిపోయిందా అండీ, ఇంకా మిగిలిందా?" అని అడగండి. మిగిలిందంటే ఎందుకు మిగిలిందో అడగండి. ఉప్పో, ఘాటో, ముక్క మెత్తబడటమో, పరిమాణం ఎక్కువవడమో, ఏది చెబితే అది వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఒకే మాట ముగ్గురి నోట వచ్చిందంటే, తర్వాతి జాడీలో మార్చాల్సింది అదే.